తెల్దు సార్

విదేశీ మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూ కోసం ప్రొద్దుటూరులో నా కూతురితో పాటు శిక్షణకు వచ్చేది ఆ బంగారు అంగడివాళ్ల పిల్ల. మిగిలింది ఒక్క సీటే. సారు కష్టమైన ప్రశ్న అడిగితే ఆ పిల్ల జడ వెనక్కి వేసుకుని నవ్వేది.

"తెల్దు సార్. అన్నీ తెలిసింటే ఈడికి ఎందుకొస్తా?"

సారూ నవ్వేవాడు. నా కూతురు మాత్రం చెమటలు కక్కుతూ ఏదో ఒకటి అల్లి చెప్పేది.

జమ్మలమడుగు బస్సులో కసిరాను. "దాని మాదిరి తెల్దని చెప్పలేవా?"

"చదువు రానప్పుడు నువ్వు చెప్పినావామ్మా? కళ్లద్దాలు మర్చిపోయినా అంటాంటివి!"

నిజమే. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను గానీ, తెలియదన్న మాట ఇప్పటికీ నా నోట రాదు. సీటు ఆ పిల్లకే వచ్చింది. సీటు పోయినందుకు ఒక పూట ఏడ్చి ఊరుకున్నాను. అంత తేలిగ్గా ఆ మాట అనగలిగినందుకే ఆ పిల్లంటే ఈనాటికీ కడుపుమంట.