కుమ్నై దివిటీ

కైరోంక్ లోయలో కప్పల వేట ఆడవాళ్ల పని. మగవాళ్లు వేటకని అడవిలోకి వెళ్లి వట్టి కోతలు కోస్తూ తిరిగొస్తారు. ఇంటిల్లిపాది కడుపులు నింపేది మాత్రం కుమ్నై లాంటివాళ్ల వల సంచులే. ఈ మాట ఏ మగాడూ ఒప్పుకోడు.

కుమ్నైకి వేట తల్లి నేర్పింది. జలపాతానికి దూరాన ఉంటే చెట్టుకప్ప తన జతను అరిచి పిలుస్తుంది. జలపాతం హోరులో అరుపు వినబడనప్పుడు గొంతు తెల్లగా ఉబ్బించి, వెనక కాలు చాచి ఊపుతుంది. అక్కడ చెవుల్ని కాదు, కళ్లను నమ్ముకోవాలి.

ఆ రాత్రి కొత్త కోడలు సవెప్‌ను వెంటబెట్టుకుని వాగుకు వెళ్లింది. చెరో గట్టున ఎదురెదురుగా నడవడం రివాజు. దివిటీ ఊపితే ‘ఇటు దాటి రా, కప్పలున్నాయి’ అని. ఊపకుండా దివిటీ కదిలిపోతే రెండోమనిషి తన గట్టునే ఆ వెలుగుకు సమంగా నడవాలి.

వాగు సన్నగా ఉన్నచోట సవెప్ కేక వేసింది. “అత్తా, ఈ కప్ప నాకేసి కాలు ఊపుతోంది!”

“నీకు కాదే పిల్లా, దాని పెళ్లానికి. చీకట్లో నిన్ను చూసి మోసపోయింది.”

“నీ కొడుకూ అలాగే మోసపోయాడులే!”

ఆ నోటికి కుమ్నైకి ఒళ్లు మండేది. ఆ పిల్లంటే ప్రాణం కూడా.

జలపాతం దగ్గర మాటలు ఆగిపోయాయి. కుమ్నై చెయ్యి చాచి పట్టబోయిన కప్ప ఉన్నట్టుండి గొంతు ముడుచుకుని పైకొమ్మకు పాకింది. పక్కదీ పాకింది. ఆమె దివిటీ దించి చూసింది. నీళ్లు ఎర్రబడ్డాయి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయి. పైన కొండమీద వాన పడింది. వరద వస్తోంది.

గొంతు చించుకుని అరిచింది. తన కేక తనకే వినబడలేదు. కంగారులో అలవాటు కొద్దీ దివిటీ ఎత్తి ఊపింది. సవెప్ నవ్వుతూ నీళ్లలో అడుగుపెట్టింది.

కుమ్నై చటుక్కున చెయ్యి ఆపింది. దివిటీ ఆర్పితే? అత్త పడిపోయిందనుకుని ఆ పిల్ల నీళ్లకు అడ్డంపడి వచ్చేస్తుంది. ఇక ఒక్కటే దారి. వెనక్కి తిరిగి, దివిటీ నెత్తిమీదికెత్తి వాలు మీదికి పరుగెత్తింది. జతమనిషిని వదిలి పారిపోవడాన్ని మించిన సిగ్గుమాలిన పని వాళ్లలో లేదు. చూసినవాళ్లు ఏమైనా అనుకోనీ, ఈ వెలుగు చూసి ఆ పిల్ల తన గట్టునే పైకి ఎక్కితే చాలు.

సగం ఎక్కాక ఉండబట్టలేక తిరిగి చూసింది. అవతల వెలుగు లేదు. మరుక్షణం దుంగలతో సహా వరద విరుచుకుపడింది. కుమ్నై అక్కడే కూలబడింది. కొడుక్కి ఏం చెప్పాలి? కళ్లు ఆర్పకుండా ఆ చీకటినే చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి చెట్ల చాటునుంచి ఒక చిన్న వెలుగు బయటపడింది. వణుకుతూ పైకి ఎక్కుతోంది.

తెల్లారి వాగు తగ్గాక సవెప్ కుంటుతూ దాటి వచ్చింది. సంచి నేలకేసి కొట్టింది.

“నన్ను వరదకు వదిలేసి నీ ప్రాణం దక్కించుకుందామనుకున్నావు కదూ! ఎక్కడికి పోతావో చూస్తాననే ఒడ్డెక్కాను. దారంతా నిన్ను తిట్టని తిట్టు లేదు, ముసలిదానా!”

కుమ్నై ఆమె చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది.

“తిట్టు తల్లీ,” అంది ఏడుస్తూ. “ఇంకా తిట్టు.”