వాన పడితే మూసే గొడుగుల దుకాణం

లాల్‌దర్వాజాలో గొడుగులు బాగుచేసే రామలింగయ్యకు ఒకటే గుణం. వాన పడితే దుకాణం మూసేస్తాడు.

ఎండాకాలమంతా తెరిచే ఉంచుతాడు. పొద్దున్నే పీట వేసుకుని, గిరాకీ లేక ఈగలు తోలుకుంటూ కూర్చుంటాడు. మృగశిర కార్తె వచ్చి, తొలి చినుకు రాలి, ఊరంతా చిల్లుల గొడుగులతో అతని వైపు పరుగెత్తే సమయానికి సరిగ్గా తాళం పడుతుంది. ఎటు పోతాడయ్యా అంటే, చాంద్రాయణగుట్ట అవతలి అడవికి! ఎందుకన్నా అంటే రోజుకో జవాబు. ఒకరోజు పుట్టగొడుగులకు, ఒకరోజు నెమలి ఆట చూడటానికి, ఇంకొక రోజు "ఇంట్ల కూసుంటే మోకాళ్లకు తుప్పు పడ్తది." అతను ఒక్క పుట్టగొడుగైనా తేగా ఎవరూ చూడలేదు.

మా గల్లీ శారదమ్మ వాన పడ్డప్పుడల్లా ఆ మూసిన తలుపు ముందు నిలబడి అతని ఏడు తరాలనూ వరసగా తిట్టేది. మర్నాడు అతను పక్క దుకాణంలో "నిన్న ఏమేం తిట్టింది?" అని అడిగి, అక్షరం పొల్లుపోకుండా చెప్పించుకుని మురిసిపోయేవాడు.

పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో నేను కూడా అతని పాలపడ్డాను. దఫ్తరులో నాది కచ్చా కొలువు. పక్కా కావాలంటే మా పై అధికారి ఖయ్యూం సాబ్ కాగితం మీద దస్తకత్, అంటే సంతకం, పెట్టాలి. సాబ్‌కు పెళ్లిలో మామగారు పెట్టిన దంతపు పిడి గొడుగు చిరిగింది; బాగుచేయించమని నాకిస్తే రామలింగయ్యకు అప్పగించాను. ఆ మామగారు శుక్రవారం సాయంత్రం ఆరు గంటల రైలుబండికి గద్వాల నుంచి వచ్చి దబీర్‌పురాలో దిగుతున్నాడు.

"ప్రహ్లాద్ మియా," అన్నాడు సాబ్. "మామూ బండి దిగంగనే నా చేతుల గొడుగు కనబడాలె. కనబడ్డదనుకో, మర్నాడే నీ కాయితం మీద దస్తకత్. కనబడలేదనుకో..."

అంటే నా కొలువు కచ్చాగానే ఉండిపోతుందన్నమాట.

శుక్రవారం సెలవు. పొద్దున తొమ్మిదింటికి గొడుగు తెచ్చుకుందామని బయలుదేరానో లేదో, చినుకు మొదలైంది. పరుగెత్తాను. రామలింగయ్య అప్పటికే తాళం వేస్తున్నాడు. వీపున పెద్ద మూట, చంకలో సాబ్ గొడుగు.

"అన్నా, నా గొడుగు!"

"నాలుగు కుట్లు మిగిలినయి తమ్మీ. నడువు, తొవ్వల కుడ్త."

"దుకాణంల కూసొని కుట్టరాదే?"

"గింత వానల దుకాణం ఎట్ల తెరుస్త?"

అతను నడిచాడు. నా కొలువు అతని చంకలో ఉంది కాబట్టి నేనూ నడిచాను.

రెండు గల్లీలు దాటేసరికి ఇద్దరం తడిసి ముద్దయ్యాం. అతని మూట నిండా పాత గొడుగులు.

"ఒక్కటన్న విప్పరాదే అన్నా?"

"వద్దు వద్దు. తడిస్తె గొడుగు పాడైతది."

"ఈ మూట ఎందుకు మోస్తున్నవు మరి?"

"దుకాణంల పెడితె ఎలుకలు కొడ్తయి."

చాంద్రాయణగుట్ట దాటాక దారి సన్నబడింది. పెద్దపెద్ద గుండ్లు, సీతాఫలం పొదలు, మోదుగు చెట్లు, బురద. రెండుసార్లు జారిపడ్డాను. రెండుసార్లూ రామలింగయ్య ముందు గొడుగును చూసుకుని, తరువాత నన్ను లేపాడు. ఒక గుండు కింద కూర్చుని సాబ్ గొడుగుకు కుట్లు పూర్తిచేశాడు. మూటలోంచి జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు తీసి పెట్టాడు. చుట్టూ వాన, నోట్లో కారం, ముందు కడిగినట్టున్న అడవి. నిజం చెప్పొద్దూ, ఓ పావుగంట సేపు నాకు సాబ్ గుర్తు రాలేదు. సంతోషంగా ఉన్నాను.

"ఇగ వాపస్ పోదామా అన్నా?"

"జర ముంగటికి పోదాం. నెమళ్లున్నయి."

ముందున్నవి నెమళ్లు కావు, ఐదు గుడిసెలు. లాల్‌దర్వాజాకు కట్టెల మోపు తెచ్చి అమ్మే కాశమ్మ మొదటి గుడిసెలోంచి బయటికొచ్చింది.

"వచ్చినవా బాపూ! ఇంకా రాలేదేందని తొవ్వ చూస్తున్న. పొద్దటి సంది కప్పు ఒకటే కారుడు."

లోపల కాశమ్మ కూతురు, తొమ్మిది రోజుల పసిగుడ్డుతో నులకమంచం మీద ముడుచుకుని ఉంది. రామలింగయ్య గుడిసె నడుమ నోరు తెరిచి, పైకి చూస్తూ నిలబడ్డాడు. చుక్క నుదుటి మీద పడగానే "దొరికింది!" అని ఎగిరి గంతేశాడు. మూట విప్పాడు. మైనం రుద్దిన దారంతో గొడుగు బట్ట ముక్కలు కుట్టి, గొడుగు కమ్ములు వంచి వాటిని కప్పులోకి బిగించాడు. తలెత్తి చూద్దును కదా, కప్పంతా ఏళ్లనాటి అతుకులే. శారదమ్మ పనికిరాదని పారేసిన ఎర్ర అంచు గొడుగు కూడా అక్కడే హాయిగా ఉంది.

"ఎండల రావచ్చు గదా అన్నా?"

"ఎండల వెలుగు ఒక కాడ కనబడ్తది, వానల నీళ్లు ఇంకో కాడ కారుతయి. చిల్లి ఏడున్నదో వాననే చెప్పాలె."

"గీ మాట ఊళ్లె చెప్తె ఎవ్వరన్న తిడ్తరా నిన్ను?"

"అందుకే చెప్పలే. తిట్లు లేకపోతె దుకాణం నడిచినట్టే ఉండదు తమ్మీ."

ఐదు గుడిసెలూ అయ్యేసరికి మధ్యాహ్నం మూడైంది. మూట ఖాళీ అయింది. బయలుదేరబోతుంటే కాశమ్మ గుడిసెలో కొత్త చుక్క పడింది, సరిగ్గా పసిబిడ్డ మీద. మంచం జరపడానికి జాగా లేదు. రామలింగయ్య ఖాళీ మూట దులిపి చూశాడు. సాబ్ గొడుగు వైపు చూశాడు. నా వైపు మాత్రం చూడలేదు.

"అది వద్దు," అని తనకు తానే చెప్పుకున్నాడు. "తడిస్తె పాడైతది."

నాకు కొలువు గుర్తొచ్చింది. అయినా చేతులు ఆగలేదు. గొడుగు లాక్కుని, విప్పి, మంచం తలాపున కట్టేశాను. దంతపు పిడి కింద పసిది ఆవులించింది.

"పాడైతె నేను బాగుచేస్త," అన్నాడు రామలింగయ్య.

ఆరింటికి దబీర్‌పురాలో ఉత్త చేతులతో నిలబడ్డాను. బండి దిగిన పెద్దాయన అల్లుడి చేతులు చూశాడు. అల్లుడు నా చేతులు చూశాడు.

"గొడుగేది మియా?"

"వాన పడ్డదని రామలింగయ్య దుకాణం మూసుకొని పోయిండు సాబ్." అబద్ధం కాదు కదా!

"ఎవరది?" అన్నారు మామగారు.

"గొడుగులు బాగుచేసేటోడు మామూ. వానొస్తె దుకాణం బంద్ పెడ్తడు."

"గొడుగుల దుకాణం... వానొస్తె బందా?" మామగారికి నవ్వు మొదలైంది. బండి వెళ్లిపోయినా ఆగలేదు. సాబ్ పెళ్లయ్యాక ఆయన నవ్వడం అదే మొదటిసారట. ఆ సంతోషంలో సాబ్ మర్నాడే నా కాగితం మీద దస్తకత్ చేశాడు. ముసురు వెలిశాక గొడుగు కూడా ఆయనకు చేరింది.

తరువాత ఇంకో శుక్రవారం వాన పడి శారదమ్మ వచ్చేసరికి, తాళం వేస్తున్నది నేను.

"నీకేం మాయరోగం పుట్టిందిరా?"

"పుట్టగొడుగులకు పోతున్నమమ్మా," అన్నాను, మూట ఎత్తుకుంటూ.

మర్నాడు రామలింగయ్య పక్క దుకాణంలో విచారించి, మొహం ముడుచుకుని వచ్చాడు.

"నిన్న నాకంటె నీకే ఎక్కువ తిట్లు పడ్డయట తమ్మీ."