తొందరేం లేదంట

ఇన్నేళ్లుగా ఒక మాట గొంతులో ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. విసిగిపోయాను. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీతో చెబుతున్నాను.

మాది పావగడ తాలూకాలోని వల్లూరు. అన్న సోలార్ పార్కులో సెక్యూరిటీ, నేను అక్కడే ప్యానెళ్లు తుడుస్తాను. వదినకు రొమ్ములో గడ్డ లేచింది. క్యాన్సరన్నారు. చంకలోని గ్రంథులకు పాకిందో లేదో ఎమ్మారై తీసి చూడాలని, దాన్నిబట్టే ఆపరేషనని డాక్టరు చెప్పాడు. అన్నకు సెలవు దొరకలేదు. తుమకూరు ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను.

ఒంటిమీద లోహమేదీ ఉండకూడదని నర్సు చెప్పింది. వదిన గాజులు, కమ్మలు తీసేసింది. తాళి ముడి మాత్రం రాలేదు. విప్పుదామని చెయ్యి చాచాను. చటుక్కున వెనక్కి జరిగింది.

"నువ్వు ముట్టద్దమ్మీ. మొగుడు పోయినదానివి. మీ అన్నకేమన్నా అయితే?"

ఒళ్లు మండిపోయింది. జ్వరమొస్తే ఆమెకు అన్నం కలిపి పెట్టింది ఈ చేత్తోనే కదా! అప్పుడు లేని దోషం ఇప్పుడెక్కడిది?

పసుపు దారానికి పసుపు కొమ్ము కట్టి మెళ్లో వేసుకుంటే తాళి తీసినా తప్పు లేదని మా ఊళ్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. పక్క బెంచీ మీదే నుదుట కుంకుమతో ఒకావిడ కూర్చుని ఉంది. ఒక్క మాట అడిగితే ముడి విప్పి, దారం కట్టేది. నేనడగలేదు. నర్సు దగ్గరికెళ్లి వదిన స్కానింగుకు ఒప్పుకోవడం లేదని చెప్పి తిరిగొచ్చాను.

"ఇప్పుడే తొందరేం లేదంట వదినా. పనులైనాక రమ్మన్నారు."

"నిజమేనా అమ్మీ?" అంటూ ఆమె ఎంత హాయిగా నవ్విందో.

అన్నకూ అదే చెప్పాను. కోపం తగ్గాక నిజం చెబుదామనుకున్నాను. తగ్గింది, కానీ చెబితే అన్న ముఖం ఎలా చూడాలి? ఆ భయంతోనే నెలలు జరిగిపోయాయి. చివరికి చంకలో గడ్డ చేతికే తగిలింది.

మళ్లీ తుమకూరు వెళ్లాం. ఈసారి వదిన ముందే ముడి వదులు చేసుకుని వచ్చింది. తాళి తీసి నా అరచేతిలో పెట్టింది.

"నీ కాడుంటే భద్రంగా ఉంటాది. ఆ పొద్దు అట్లన్నానని మనసులో పెట్టుకోవద్దమ్మీ."

అప్పుడైనా చెప్పాల్సింది. తాళిని కొంగున ముడేసుకుని కూర్చున్నాను. గ్రంథులకే కాదు, ఇంకా లోపలికీ పాకిందన్నారు. ముందే చూసి ఉంటే బతికేదా అని డాక్టరునడిగాను. చెప్పలేమన్నాడు. అవుననైనా, కాదనైనా అని ఉంటే బాగుండేది.

వదిన పోయింది. వదినకు ఆమె సొంత చెల్లెలు కూడా అంత చెయ్యదని అన్న ఇప్పటికీ అందరితో నన్ను మెచ్చుకుంటాడు. విన్నప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేస్తుంది. క్షమించమని మిమ్మల్నడగను. ఆమె మనసులో పెట్టుకోవద్దంది, నేను పెట్టుకున్నాను. ఈ ఒక్క మాట బయటికి వచ్చింది, అంతే.