జలీల్‌కే తెలిసిన పైపులు

కొండవాలు మీదున్న విశ్వవిద్యాలయంలో జలీల్‌ది నీళ్ళ వాల్వులు తిప్పే పని. వన్‌టౌన్ నుంచి సైకిలు మీద వచ్చి, ఏ హాస్టలుకి ఎంతసేపు వదలాలో అంతసేపు వదిలేవాడు. హాస్టళ్ళు లేచేకొద్దీ పైపులు హడావిడిగా పాతేశారు. ఏది ఎటు పోతోందో కాగితం మీద ఎవరూ గీయలేదు. అదంతా జలీల్ బుర్రలోనే ఉండేది. కావాలనే అలా ఉంచుకున్నాడు. దినకూలీగా ఉన్న ఆరేళ్ళూ వాల్వు మూతల మీద మట్టి కప్పేసి, దగ్గరున్న జీడిచెట్టును గుర్తు పెట్టుకునేవాడు.

"తెలిసినోడు ఒక్కడే అయితే ఆడినెవడు తీసెత్తాడండీ?" అని ఇప్పటికీ నవ్వుతాడు. ఆ కిటుకుతోనే పర్మనెంటయ్యాడు.

1982లో ఉక్కు ఫ్యాక్టరీ నుంచి పిలుపొచ్చింది. పదిహేను రోజుల్లో చేరాలి. జీతం ఎక్కువ, పైగా క్వార్టరు. వీధి కుళాయి దగ్గర బిందెతో నిలబడి నిలబడి విసిగిన భార్య ఖైరున్నీసా ఒకటే అడిగింది: "కుళాయి ఇంట్లోనే ఉంటాదా?"

ఇక్కడి పని నుంచి వదిలే కాగితం మీద సంతకం పెట్టాల్సింది కొత్త ఇంజనీరు సన్యాసిరాజు. కాంపస్ రెట్టింపు అవబోతోందని ఆయన ఇరవయ్యేళ్ళకు సరిపడా ప్లాను గీస్తున్నాడు. వాన నీరు ఆపే కుంటలు, స్నానాల నీళ్ళు తోటలకు మళ్ళించడం, అన్నీ అందులో ఉన్నాయి.

"పాత పైపులన్నీ చూపించి వెళ్ళు జలీల్. అవి తెలియకుండా నేను కొత్తవెక్కడ వెయ్యను?"

"అదెంత పని సార్!"

సున్నం బస్తా పట్టుకుని వారం రోజులు నేల మీద గీతలు గీశాడు. మూడు పైపులు చీలే చోటు దగ్గర ఆగిపోయాడు. అక్కడి వాల్వు తిప్పే పని ఏళ్ళుగా పడలేదు. కొత్త హాస్టలు కోసం అక్కడి జీడిచెట్లన్నీ కొట్టేసి, బుల్డోజరుతో చదును చేసేశారు. ఎటు చూసినా ఒకే ఎర్రమట్టి.

ఏడు చోట్ల తవ్వాడు. తోటమాలి తాతబాబు గట్టున కూర్చుని బీడీ వెలిగించాడు.

"ఏటి బావా, లంకెబిందెలు గాని దాసీసావేటి?"

"నోరు ముయ్యరా. నాను దాసిందే నాకు దొరకట్లేదు."

పద్నాలుగో రోజు సన్యాసిరాజు దగ్గరికెళ్ళి ఉన్నమాట చెప్పేశాడు. "మూతలు నానే కప్పెట్టీసేను సార్. ఉద్యోగం పోద్దని."

ఆయన కాగితం పక్కన పెట్టేశాడు. "నిన్నిప్పుడు వదిలేస్తే రేపు అక్కడ పైపు పగిలిందనుకో, వేరే ఏ వాల్వులు కట్టి నీళ్ళు ఆపాలో ఎవడికి తెలుసు? ఎనిమిదొందల మంది పిల్లలున్నారు. సంతకం పెట్టలేనయ్యా."

గడువు దాటిపోయింది. మర్నాడు ఆయన పెద్ద నీలం ప్లాను పటం బల్ల మీద పరిచాడు. మూడు పైపులు చీలే చోట గుండ్రంగా చుట్టి, పక్కన తెలుగులో రాసి ఉంది: 'ఇక్కడ జలీల్‌ను అడగాలి.'

"నిన్ను కూడా ప్లానులోకి ఎక్కించేశానోయ్."

జలీల్ అక్షరాల మీద వేలు పెట్టి చదువుకున్నాడు.

"ఈ ప్లాను ఎన్నేళ్ళకన్నారు సార్?"

"ఇరవై."

అమ్మాయిల హాస్టలుకి నీళ్ళు వదిలే వేళయింది. జలీల్ వాల్వులు తిప్పే ఇనపకడ్డీ తీసుకుని బయటికి నడిచాడు.