బుగ్గమ్మ దించిన కథ

కథ చెప్పేవాడు గొప్పా, ఊ కొట్టేవాడు గొప్పా అని అడిగితే లోకమంతా చెప్పేవాడి వైపే వేలు చూపిస్తుంది. బుగ్గమ్మ సంగతి తెలిసినవాళ్ళు మాత్రం కాస్త ఆలోచించి మరీ ఆ వేలు ఎత్తుతారు.

బషీరాబాద్ దగ్గర ఊరు వాళ్ళది. ఒక గొర్రెల మంద, కొంచెం కంది చేను. భర్త శంకరప్ప బీరప్ప గుడి పూజారి. బీరప్ప అంటే కురుమల ఇంటి దేవుడు. ఏటా పండుగనాడు గుడి ముందు నేల మీద పసుపు కుంకుమలతో పెద్ద ముగ్గు వేస్తారు. దాన్ని పట్నం అంటారు. ఆ పట్నం ముందు నిలబడి, దేవుడి పుట్టుక మొదలుకొని పెండ్లి దాకా కథంతా పాడి చెప్పాలి. అది పుస్తకం చూసి చెప్పే కథ కాదు. శంకరప్పకు వాళ్ళ నాయన చెప్పాడు, ఆయనకు వాళ్ళ నాయన చెప్పాడు. అట్లా నోటి నుంచి నోటికి వచ్చిందే గాని ఎవ్వరూ కాగితం మీద పెట్టలేదు.

నోటి విద్యను పట్టించుకోకపోతే అది కూడా మనల్ని పట్టించుకోదు. అందుకని పండుగ దగ్గరపడుతుంటే శంకరప్ప రోజూ పొద్దుగూకే వేళ మందను దొడ్లోకి తోలి, అరుగు మీద కూర్చుని కథను నెమరేసుకునేవాడు. ఊ కొట్టే మనిషి లేనిదే కథ ముందుకు కదలదు గదా. ఆ పని బుగ్గమ్మది. జొన్నరొట్టె కొడుతూ ఊ, గొర్రెపిల్లకు పాలు తాగిస్తూ ఊ, కునికిపాట్లు పడుతూ కూడా ఊ. ఎప్పుడైనా ఊ ఆలస్యమైందంటే ఆయనకు కోపం.

“ఏమే, పండినవా?”

“పండలే. నీ దేవుడింక అడివిల్నే తిరుగుతుండు గద, నువ్వు చెప్పు” అనేది బుగ్గమ్మ.

పెండ్లయిన ఏడు మొదలుపెట్టిన ఊ అది. కూతురు మల్లిక పుట్టి, పెరిగి, పెండ్లి చేసుకుని, తాండూరులో బండల దుకాణంలో పనికి కుదిరేదాకా కూడా ఆగలేదు.

పోయిన వానకాలంలో శంకరప్పకు పక్షవాతం వచ్చింది. వికారాబాద్ ఆసుపత్రిలో డాక్టర్లు మంచిగానే చూశారు. ప్రాణం నిలిచింది, కాలు కొంత కదిలింది, చెయ్యి పూర్తిగా తిరిగొచ్చింది. మాట మాత్రం రాలేదు. గొంతులో మిగిలిందల్లా ‘ఊ’ అనే ఒక్క శబ్దం. అన్నం తింటావా అంటే ఊ. వద్దనుకుంటే ఆ ఊ కూడా ఉండదు. బుగ్గమ్మ ఆ ఒక్కదానికే వెయ్యి దండాలు పెట్టుకుంది. మనిషి ఇంట్లో ఉన్నాడు, పిలిస్తే పలుకుతున్నాడు, అంతకంటే ఏం కావాలి?

కానీ పండుగ ఆగదు. కథ ఎవరు చెప్పాలి? గుడి దగ్గర కులం పెద్దలు కూర్చున్నారు. ఊళ్ళో టెంట్లు, సౌండ్ బాక్సులు అద్దెకిచ్చే మహేష్ ఉపాయం చెప్పాడు.

“ఫికర్ ఎందుకే కాకా? యూట్యూబ్‌ల మస్తు కథలున్నయి. సౌండ్ బాక్స్ పెడితే ఊరంత వినబడతది.”

జంగప్ప మండిపడ్డాడు. ఆయన శంకరప్పకు చిన్నాయన కొడుకు, కథకు డోలు వాయించేవాడు. “పట్నం ముందట పెట్టెను నిలబెడుతవారా? దానికి బొట్టు గూడ పెట్టు మరి! అండ్ల చెప్పేటోడు మన గుడి మొకమన్న జూసిండా?”

అయితే నువ్వే చెప్పమన్నారు. పాపం జంగప్ప విద్యంతా చేతుల్లోనే ఉంది. ఎత్తుకున్నాడే గాని, ఆయన కథలో బీరప్ప ఇంకా పుట్టకముందే పెండ్లి పీటలెక్కి కూర్చున్నాడు. నవ్విన వాళ్ళు నవ్వారు, బాధపడిన వాళ్ళు బాధపడ్డారు. ఈ తరంతో కథ ముగిసినట్టే అనుకున్నారంతా.

“నేను చెప్త” అంది బుగ్గమ్మ. ఎవరో చాయ్ పెట్టమంటే పెడతానన్నంత మామూలుగా అంది.

“వదినా, ఊ కొట్టుడు వేరు, చెప్పుడు వేరు” అన్నాడు జంగప్ప.

“ఊ కొట్టాల్నంటే వినాలె గద మర్ది. నీ డోలు సప్పుడుల నీకు కథ వినబడలే. నాకు వినబడ్డది.”

ఆడమనిషి పట్నం ముందు నిలబడడమేమిటని పెద్దలు గొణిగారు. ఇంకో దారి మాత్రం వాళ్ళకూ దొరకలేదు. చివరికి కానివ్వమన్నారు.

మర్నాడు మంద వెంట వెళ్ళి బుగ్గమ్మ గొంతెత్తింది. రెండు మాటలు చెప్పి ఆగిపోయింది. ఎక్కడ తాను ఊ కొట్టేదో అక్కడల్లా నోరు దానంతటదే ఆగుతోంది. అవతలి నుంచి ఊ వస్తేగాని మళ్ళీ కదలదు. గొర్రెలు ఊ కొడతాయా? సాయంత్రం దిగులుగా ఇంటికి వచ్చి, రొట్టెపిండి కలుపుతూ మళ్ళీ అదే మొదటి మాట అంది.

మంచం మీది నుంచి “ఊ” అని వినిపించింది.

ఆమె వెనక్కి చూడలేదు. చూస్తే ఏడుపొస్తుందని తెలుసు. రెండో మాట చెప్పింది. ఊ. మూడోది. ఊ. కథ కదిలింది.

ఒకచోట ఊ రాలేదు. నిద్రపోయాడేమోనని చూస్తే కళ్ళు తెరిచే ఉన్నాయి. అప్పుడు వెలిగింది ఆమెకు. దేవుణ్ణి పెంచిన అక్క అడవికి బయలుదేరే ముందు చెప్పాల్సిన సంగతిని తాను ఎగరగొట్టింది. వెనక్కి వెళ్ళి చెప్పింది. ఊ వచ్చింది. ఆ నాటి నుంచి అదే బడి. తప్పయితే ఊ ఉండదు, ఒప్పయితే ఉంటుంది. ఇంత మంచి పంతులు ఎవరికి దొరుకుతాడు! ఆ సాయంత్రాలను తలుచుకుని బుగ్గమ్మ ఇప్పటికీ బీరప్పకు దండం పెడుతుంది.

అంతా బాగానే ఉంది గాని, కథ దించే దగ్గర, అంటే ముగించే దగ్గర, వచ్చింది అసలు చిక్కు. ఆ కథ ఎవరెవరి నోట వచ్చిందో, తనకు నేర్పినవాడి దాకా ఒక్కొక్క పేరూ చెప్పి దించడం ఆ ఇంటి పద్ధతి. చెప్పకపోతే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టేనని బుగ్గమ్మ మామ మల్కప్ప అనేవాడు. ఇప్పుడు ఆమెకు నేర్పినవాడు మొగుడు. మొగుడి పేరు బుగ్గమ్మ పుట్టి బుద్ధెరిగి నోటితో అనలేదు. ఆసుపత్రిలో పేషెంట్ పేరేంటమ్మా అంటే ఆధార్ కార్డు ముందుకు చాచిన మనిషి. చెబితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని ఆమె నమ్మకం. దానికి తోడు ఆ వరసలో ఉన్నవాళ్ళంతా పోయినవాళ్ళే. నాయన పోయాకే కొడుకు కథ ఎత్తుకునేవాడు. బతికున్న మనిషిని, అదీ అర్ధప్రాణంతో ఉన్న మనిషిని, తీసుకుపోయి వాళ్ళ సరసన నిలబెట్టడమా?

పండుగకని తాండూరు నుంచి వచ్చిన మల్లిక నవ్వింది.

“అమ్మా, దవఖానల డాక్టరు పదిసార్లు పిలిచిండు నాయిన పేరు. ఆయుష్షు తగ్గిందా?”

“డాక్టరు ఆయన పెండ్లామానే?” అంది బుగ్గమ్మ.

అయితే మల్లికే ఒక ఉపాయం చెప్పింది. ఆ ఒక్క పేరూ జంగప్ప కాకతో చెప్పిద్దామంది. జంగప్ప సరేనన్నాడు. బుగ్గమ్మ గుండె కుదుటపడింది. ఆ సాయంత్రం కథంతా చెప్పి, పోయినవాడు ఏమీ అనుకోడులే అని మామ పేరు ఎట్లాగో పలికి, అక్కడితో దించేసింది. ఊ కోసం చూసింది.

రాలేదు.

మళ్ళీ చెప్పి మళ్ళీ మల్కప్ప దగ్గరే ఆపింది. ఊ లేదు. శంకరప్ప గోడ వైపు ముఖం తిప్పుకున్నాడు.

“నీ పేరు నేనెట్ల చెప్తనయ్యా? జర అర్థం చేసుకో. జంగప్ప చెప్తడు తీ.”

ఆయన ఇటు తిరగలేదు. ఆయన అడిగేదేమిటో ఆమెకు తెలుసు. ఇచ్చే ధైర్యమే లేదు.

పండుగనాడు ఎండ నడినెత్తికి రాకముందే పట్నం వేశారు. ఊ కొట్టడానికని శంకరప్పను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి తెచ్చి ముందు వరసలో పెట్టారు. బుగ్గమ్మ భుజాన గొంగడి వేసుకుని నిలబడింది. మొదట జనం వింత చూడడానికే వచ్చారు. నిలబడి చూస్తున్నవాళ్ళు నిలబడినచోటే మెల్లగా కూర్చున్నారు. అక్క తమ్ముణ్ణి ఎత్తుకుని అడవిలో తిరిగే చోట ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు అద్దుకున్నారు. దేవుడి పెండ్లి అయింది. బుగ్గమ్మ ఎక్కడా తడబడలేదు. ఎందుకంటే ప్రతి మాటా ఆమెకు ఆయన గొంతులోనే వినిపిస్తోంది. తన నోటి నుంచి వచ్చేదంతా ఆయన పెట్టిందేనని ఆమెకు అంత గట్టిగా ఎన్నడూ తెలియలేదు.

కథ దించే వేళయింది. ముత్తాతల పేర్లు వచ్చాయి. పేరు పేరుకూ జనం పిడికెడు పసుపు పైకి చల్లుతున్నారు. లింగప్ప అంది. లింగప్ప దగ్గర నేర్చిండు మల్కప్ప అంది. జంగప్ప డోలు ఆపి, చెప్పడానికి ఊపిరి తీసుకున్నాడు.

బుగ్గమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“మల్కప్ప దగ్గర నేర్చిండు శంకరప్ప. శంకరప్ప పెట్టిన భిక్ష ఇది. ఆయన ఆయుష్షు సంగతి నువ్వు సూస్కో బీరప్పా, నేనైతే ఆయన పేరు దాయలేను.”

చేతుల్లో పసుపు పట్టుకుని జనం ఆగిపోయారు. పోయినవాళ్ళకైతే పైకి చల్లుతారు, ఎదురుగా కూర్చున్నవాడికి ఎటు చల్లాలి? జంగప్పే ముందుకు వచ్చి, శంకరప్ప నుదుటి నిండా పసుపు పూశాడు. ఆ వెనకే ఒక్కొక్కరూ లేచారు.

ఆ ఇంట్లో ఎంతమంది ఈ కథ చెప్పారో, ఎంతమంది పేర్లు ఈ వరసలో ఎక్కాయో! దేవుడి ముందు తన పేరు పలకడం తన చెవులతో విన్నవాడు అందులో ఒక్కడూ లేడు. శంకరప్ప విన్నాడు. పసుపు మీదుగా కారే కన్నీళ్ళను తుడుచుకోకుండా పెండ్లాన్నే చూస్తూ కూర్చున్నాడు.