అక్క పట్టుకున్న చెయ్యి

మొన్న సోమవారం పొద్దున నరేశ్ ఫోన్ చేశాడు. "అంకుల్, అమ్మ పోయింది" అన్నాడు. మొదటి షిఫ్టుకని బయల్దేరి, ఆయాసంగా ఉందని మెట్ల మీద కూర్చుందట. దవాఖానాకు చేర్చేలోపే అయిపోయింది. నాచారంలో మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో ఏళ్ళ తరబడి నిలబడి పనిచేసిన మనిషి. మా వీధిలో చిన్నా పెద్దా అందరికీ అక్క. నాకంటే వయసులో చిన్నదే అయినా నాకూ అక్కే.

బడి వరండాలో సంతాప సభ పెట్టారు. అందరూ మంచి మాటలు చెప్పారు. నన్నూ మాట్లాడమంటే లేచి రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాను. చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు. నాలుగేళ్ళుగా కడుపులో దాచుకున్న సంగతి అది. ఇక్కడ రాసేస్తున్నాను. మీరు నన్ను తిట్టుకున్నా సరే.

మా పిల్లలు చదివింది సర్కారు బడిలో. చురుకైన పిల్లలకు ప్రతిభా పరీక్షలుంటాయని, గెలిస్తే పై చదువులకు స్కాలర్‌షిప్పు వస్తుందని ఎక్కడో విని, అక్క నేరుగా హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళింది. ఉన్న పాఠాలు చెప్పడానికే టీచర్లు చాలడం లేదు, వీళ్ళకు వేరే ఎవరు చెబుతారమ్మా అన్నారాయన. "మేమే జెప్పుకుంటం సార్. ఆదివారం జర వరండ తాళం తీయున్రి సాలు" అంది. తను చదివింది ఏడో తరగతి. ఇల్లిల్లూ తిరిగి పద్నాలుగు మంది తల్లిదండ్రుల్ని పోగు చేసింది. మాది గుంటూరు వైపు. ఇక్కడొక కంపెనీ స్టోర్స్‌లో గుమాస్తాని. "అన్నా, నీకు ఇంగ్లీషొస్తది. ఫారాలు నింపుడు నీ పని" అని నన్ను కాదనే వీలు లేకుండా లాక్కెళ్ళింది.

ఆదివారం పాఠం మొదలయ్యే ముందు పిల్లలంతా వరుసగా నిలబడాలి. పెద్దవాళ్ళం జవాబు చెప్పలేని ప్రశ్న ఒకటి అడగాలి. "ఇయ్యాల మమ్ముల ఓడగొట్టున్రి" అనేది అక్క. ఒకసారి వాళ్ళబ్బాయి నరేశ్ లేచి, "రైలు పట్టాలు దూరంగ కలిసినట్టు కనబడతయి గదా, ఎంత దూరంల కలిసినట్టు కనబడతయో లెక్క కట్టొచ్చా?" అన్నాడు. మేమంతా నోరెళ్ళబెట్టాం. మా అమ్మాయి సౌమ్య బాగా చదువుతుంది, కష్టపడుతుంది, మార్కులు తెస్తుంది. కానీ వీడి సంగతి వేరు. మా గుంపు అసలు ఇలాంటి వాడి కోసమే పుట్టిందని నాకు ఆ రోజే అర్థమైంది. అర్థమై కొంచెం కుళ్ళుకున్నాను కూడా.

గుంపులో అక్క పెట్టిన నియమం ఒకటుంది. పరీక్ష రోజు ఎవరి పిల్లల్ని వాళ్ళు తీసుకెళ్ళకూడదు. టిఫిను డబ్బాలో చీటీలు వేసి తీయాలి, ఎవరి బిడ్డ పేరు వస్తే ఆ బిడ్డను తీసుకెళ్ళాలి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఇదెక్కడి పద్ధతి? నా కూతుర్ని నేను తీసుకెళ్తే నేరమా?" అని లేచాను.

"నీ మొకం జూస్తె నాకే ఎక్కాలు మర్సిపోతున్నయి అన్నా. గా పిల్ల ఏం రాస్తది?" అంది. అందరూ నవ్వారు. నవ్వులు ఆగాక మెల్లగా చెప్పింది. "మన పిల్లను జూస్తె మనకు మార్కులే కనబడతయి. పక్కోళ్ళ బిడ్డను జూస్తె బిడ్డ కనబడతది."

పదో తరగతిలో ఒక్కసారే రాయగలిగే పెద్ద పరీక్ష వచ్చింది. చీటీలు తీస్తే నాకు నరేశ్ వచ్చాడు, అక్కకు మా సౌమ్య. సౌమ్య సెంటరు రామంతాపూర్‌లో. నరేశ్‌కి నారపల్లి దాటాక ఒక కాలేజీ. పదింటికి గేటు మూస్తారు. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. ఆ రోజుకు బంద్ పిలుపు ఉంది. పరీక్ష ఎటూ వాయిదా పడుతుందని అందరం ధీమాగా ఉన్నాం. పడలేదు.

బస్సుల్లేవు, ఆటోల్లేవు. అక్కకు బండి లేదు. ఏడున్నరకే సౌమ్యను తీసుకుని నడక మొదలుపెట్టింది. నేను ఎనిమిదిన్నరకు నరేశ్‌ను స్కూటర్ ఎక్కించుకున్నాను. ఉప్పల్ చౌరస్తాకు వచ్చేసరికి రోడ్డు నిండా జనం. వరంగల్ రోడ్డుకు అడ్డంగా కూర్చుని నినాదాలు ఇస్తున్నారు. ఒక కానిస్టేబులు, "కాలనీ గల్లీలు పట్టుకొని పోన్రి, అవతల దేల్తరు" అన్నాడు. దారి ఉంది. టైమూ ఉంది. నా మనసే లేదు. ఇక్కడే ఇలా ఉంటే ఆ ఆడమనిషి నా కూతురితో నడిచి ఎక్కడ ఇరుక్కుందో అనుకున్నాను. మూసి ఉన్న చాయ్ హోటల్ ముందు బల్ల మీద నరేశ్‌ను కూర్చోబెట్టి, "అయిదు నిమిషాల్లో వస్తా, కదలకు" అన్నాను. వాడు తల ఊపాడు. స్కూటర్ రామంతాపూర్ వైపు తిప్పాను.

టీవీ రిలే కేంద్రం గోడ దగ్గర కనిపించారు. ఇరుక్కోలేదు, ఏమీ లేదు. సౌమ్య చెయ్యి పట్టుకుని అక్క చకచకా నడుస్తోంది. నన్ను చూసి ఆగింది. ముందు నా వెనక సీటు చూసింది. తర్వాత నా ముఖం చూసింది.

"నా కొడుకేడి అన్నా?"

చౌరస్తా వైపు చెయ్యి చూపించాను. ఒక్క క్షణం అటు చూసింది, అంతే. "మీ బిడ్డను నేను జేరుస్త. నువ్వు పో. వాని కాడికి పో" అంది. సౌమ్యతో ముందుకు నడిచింది. మళ్ళీ వెనక్కి తిరగలేదు.

నేను వచ్చేసరికి చౌరస్తాలో జనం రెట్టింపయ్యారు. నరేశ్ కూర్చోబెట్టిన చోటే ఉన్నాడు, కంపాస్ బాక్సు ఒళ్ళో పెట్టుకుని. ఇందాక తెరిచి ఉన్న గల్లీకి ఇప్పుడు రాళ్ళు అడ్డం పెట్టారు. బతిమాలి, చుట్టు తిరిగి, గోతుల్లో పడి లేచి నారపల్లి చేరాం. గేటు వేసి పావుగంటయింది. వాచ్‌మన్ కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. తర్వాత బూతులు కూడా తిట్టాను. నరేశే నా చొక్కా పట్టుకుని, "పోదాం అంకుల్" అన్నాడు.

మర్నాడు పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. అక్క గడప దగ్గర కూర్చుని బెండకాయలు కోస్తోంది. "నన్ను కొట్టు అక్కా" అన్నాను. కత్తిపీట పక్కకు జరిపింది.

"కోపం లేదనుకుంటున్నవా? మస్తున్నది. నీ మీద కోపం జేసుకుంటె ఆదివారం ఫారాలెవరు నింపుతరు?" అంది. కోసిన ముక్కలు గిన్నెలోకి తీస్తూ అంది. "నాకు గూడ వాని కాడికి ఉరకాలనే అనిపించింది అన్నా. మీ బిడ్డ చెయ్యి నా చేతుల ఉండె. ఎట్ల ఇడుస్త?"

సౌమ్యకు స్కాలర్‌షిప్పు వచ్చింది. గుంపులో అందరూ నరేశ్ సంగతి అడిగినప్పుడు నేను చెప్పేద్దామని లేచాను. "బంద్‌ల ఎవలైనా ఏం జేస్తరు? కూసో అన్నా" అని నన్ను కూర్చోబెట్టింది. మరుసటి ఏడు అక్క చిన్న కూతురి వంతు, సెంటరు మళ్ళీ ఆ నారపల్లి కాలేజీయే. చీటీలు తీయకముందే అక్క లేచి, "నా బిడ్డను గీ అన్ననే తోల్కపోవాలె. నారపల్లి తొవ్వ ఈయనకు ఎరుకే గదా" అంది. తన నియమాన్ని తనే తప్పింది. అందరూ నవ్వారు, ఎందుకు అందో తెలియక. నేను తల దించుకున్నాను. ఆ పిల్లను రెండు గంటల ముందే గేటు దగ్గర దించి, పరీక్ష అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. నీళ్ళు తాగడానికి కూడా కదల్లేదు. ఆ పిల్ల గెలిచింది. నరేశ్ మాత్రం డిప్లొమా చేసి ఇప్పుడు పోచారంలో ఏసీలు బాగుచేస్తున్నాడు. వాడి చేతికి అందాల్సింది నేను పోగొట్టాను. అది ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

అంత్యక్రియల నుంచి వచ్చాక సౌమ్య నా పక్కన కూర్చుంది. నాలుగేళ్ళలో ఆ రోజు ఊసు మా ఇద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు.

"నువ్వు వెళ్ళాక ఆంటీ దారి పొడుగునా ఏడుస్తూనే నడిచింది నాన్నా. నడక మాత్రం ఆపలేదు. ఒక్కసారి ఫోను చెయ్యి ఆంటీ అన్నాను. 'వద్దు బిడ్డా, మీ నాయిన బండి నడుపుకుంటనే ఫోను ఎత్తుతడు' అంది. గేటు దగ్గర కళ్ళు తుడుచుకుని, మంచిగ రాయి అంది. నేను బయటికి వచ్చేసరికి ఎండలో అక్కడే నిలబడి ఉంది."

మళ్ళీ తనే అంది.

"నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, పరీక్ష రాస్తున్నంతసేపూ మణికట్టు మీద ఆంటీ గాజుల అచ్చు కనబడుతూనే ఉంది."

సౌమ్య కుడి చెయ్యి తిప్పి చూసుకుంది. నేనూ చూశాను. అక్కడ ఇప్పుడేమీ లేదు. అయినా ఇద్దరం చాలాసేపు అలా చూస్తూనే ఉన్నాం.