పైడమ్మ పాదం

1986. బెంగాల్‌లో, వాట్‌గంజ్ పేట దాటాక రేవు వైపున్న ఒక చిన్న ఆసుపత్రిలో నేను ఎముకల వార్డు నర్సుని. కరెంటు ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. పోతే ఎక్స్‌రే ఆగిపోయేది. నొప్పితో మూలిగేవాళ్లకు "కాస్త ఓపిక పట్టండి" అని చెప్పడంతోనే సగం డ్యూటీ గడిచేది. చెప్పి చెప్పి ఆ మాటంటే నాకే విసుగు పుట్టింది.

వచ్చినవాళ్లందరూ ఒకే మాట చెప్పేవారు. బెంగాలీలైతే "మొచ్‌కే గేఛే", మనవాళ్లైతే "బెణికింది", నడుమైతే "పట్టేసింది". మాకు మాత్రం అవి వేర్వేరు. కండరం సాగితే స్ట్రెయిన్. కీలు దగ్గర ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంటు సాగినా చిరిగినా స్ప్రెయిన్. ఎముక కీలులోంచి తప్పుకుంటే డిస్‌లొకేషన్. ఎముక చిట్లినా విరిగినా ఫ్రాక్చర్. పైకి కనిపించేది వాపే కాబట్టి చూసి చెప్పడం కష్టం.

నూకరాజు కార్పొరేషన్ చెత్త లారీ మీద పనిచేసేవాడు. శ్రీకాకుళం వైపు కుటుంబం. ఒకరోజు లారీ మీంచి జారి, కూర్చున్నట్టే రోడ్డు మీద పడ్డాడు. ఆ పూట లేచి నడిచే ఇంటికి వెళ్లాడు. మర్నాడు తోపుడుబండి మీద పడుకోబెట్టి తెచ్చారు. కాళ్లు తిమ్మిరెక్కిపోయాయి, నిలబడలేకపోతున్నాడు. పక్కన భార్య పైడమ్మ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

"ఇంటి దగ్గర ఏటి చేశారు?" అని గట్టిగానే అడిగాను.

"ఏటీ సెయ్నేదు సిస్టరమ్మా. పడుకోబెట్నాం, అంతే" అంది పైడమ్మ.

కరెంటు వచ్చాక ఎక్స్‌రే తీశారు. నడుము దగ్గర వెన్నుపూస ఒకటి అణిగిపోయింది. దాన్ని కంప్రెషన్ ఫ్రాక్చర్ అంటారు. "పడ్డాక నడిచిన మనిషికి ఇవాళ కాళ్లెందుకు పడిపోయాయి?" అని డాక్టర్‌బాబు నన్నడిగారు. నాకేం తెలుసు?

వరండాలో కుళాయి దగ్గర పైడమ్మ నన్ను ఆపింది. "నాను ఎదురుకాళ్లతో పుట్టినాను సిస్టరమ్మా" అంది.

ఆ ఒక్క ముక్కతో అర్థమైపోయింది. పుట్టేటప్పుడు తల కాకుండా కాళ్లు ముందు వచ్చినవాళ్లు, పట్టేసిన నడుం మీద కాలేస్తే నొప్పి పోతుందని మా వైపు నమ్మకం. బస్తీలో ఎవరికి నడుం పట్టినా పైడమ్మ గడపకే వచ్చేవారట. ఈసారి మొగుడే బోర్లా పడుకుని కాలెయ్యమన్నాడు.

"తొక్కినాను. అరిసీసినాడు. ఆ తరవాతే కాళ్లు సచ్చిపోనాయి. లారీ ఇరిసిందా, నా కాలు ఇరిసిందా? సెప్పండి."

ఒళ్లు మండింది. డ్యూటీ దిగే వేళ, నిలబడే ఓపిక కూడా లేదు. నాలుగు మాటలు అనేద్దామనుకున్నాను. ఆమె తన పాదాల వంకే చూస్తోంది. వెళ్లి డాక్టర్‌బాబుకు చెప్పాను.

ఆయన ఫిల్మును మళ్లీ వెలుతురుకు పట్టి చూశారు. "విరిగింది పడ్డప్పుడే. తర్వాత అది కదిలి నరం మీద ఒత్తిడి పడింది. తొక్కితే కదిలిందో, విరిగిన నడుంతో ఇంటికి నడిచినందుకు కదిలిందో ఎలా చెప్పను?"

పైడమ్మకు అదే చెప్పాను.

"అయితే నా కాలు కాదని సెప్పనేరు."

"చెప్పలేనమ్మా."

ఆమె తలూపి వెళ్లి మొగుడి మంచం దగ్గర కూర్చుంది.

నెలల తరబడి మంచంలో ఉన్నాక నూకరాజు కాళ్లలోకి మెల్లగా బలం వచ్చింది. చేతికర్రతో నడిచాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. లారీ పని మాత్రం ఇక చేయలేకపోయాడు. పైడమ్మ మళ్లీ ఎవరి నడుం మీదా కాలు పెట్టలేదని విన్నాను.

ఒకసారి ఇద్దరూ చూపించుకోవడానికి వచ్చారు. ఆమె మందులకు వెళ్లిన సందు చూసి అతను గొంతు తగ్గించాడు.

"దానికి మీరైనా సెప్పండి సిస్టరమ్మా. పడుకుంటే కాళ్లు సాపదు, ముడుసుకుపోతాది. దాని కాలు నాకు తగిలితే సాలు, లేసి కూకుంటాది. నడుం నొప్పి ఓర్సుకుంటన్నాను గానీ, ఇది ఓర్సుకోనేకపోతన్నాను."

పైడమ్మ వచ్చాక చెప్పాను. వింది. అతని చేతికర్ర తీసి చేతికందించింది.

ఆ తర్వాత నా ఉద్యోగం అయ్యేదాకా, నడుం పట్టేసిందని ఎవరొచ్చినా "ఇంటి దగ్గర ఏం చేశారు" అన్న ప్రశ్న గట్టిగా అడగలేదు. దెబ్బ తగిలినవాడు ఒక్కడే పేషెంటు కాడని నాకు పైడమ్మ వల్ల తెలిసింది. ముందు వెంట వచ్చినవాళ్లకు స్టూలు వేసి కూర్చోబెట్టేదాన్ని. అడగడం ఆ తర్వాత.